ఎవరి అతుకు వాళ్లదే

కొత్తమ్మాయి ప్రోగ్రాం కస్టమర్ దగ్గర తెరవగానే చతికిలబడింది. సాయంత్రంలోగా బాగుచెయ్యకపోతే ఇంటికి పొమ్మని టీమ్ లీడరు ఆ పిల్లకి మొహం మీదే చెప్పేశాడు. ఆ లీడరు మన చాదస్తానికి సొంత అక్క మొగుడు. చాదస్తం అంటే పక్క సీటావిడ. రాసిన ప్రతి వరుసా మళ్లీ మళ్లీ చదువుతుందని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది.

ఆవిడ కుర్చీ లాక్కుని కొత్తమ్మాయి పక్కన కూర్చుంది. ఫొటోలు కుదించే ఫంక్షన్ దొరకడం లేదని స్క్రీన్ మొత్తుకుంటోంది. ఆ పిల్ల దాన్ని పిలవనే లేదు. పిలిచింది బావ రాసిన ఉమ్మడి లైబ్రరీ, అంటే అందరి ప్రోగ్రాములూ వాడుకునే రెడీమేడ్ కోడు. ఫొటోలు కుదించడానికి దానికి ఇంకో లైబ్రరీ కావాలి. కానీ బావ లైబ్రరీ తయారయ్యేటప్పుడు దాన్ని తనకి లింకు చేసుకోవడం, అంటే జతచేసుకోవడం లేదు.

"మరి మిగతావాళ్లకి ఎలా నడుస్తోందక్కా?"

చాదస్తం మిగతా ప్రోగ్రాములు తెరిచింది. ప్రతిదాంట్లోనూ ఆ కుదించే లైబ్రరీని ఎవరికి వాళ్లే లింకు చేసుకున్నారు. ఒక మహానుభావుడు పక్కన కామెంటు కూడా పెట్టాడు: "ఎందుకో తెలీదు, తీస్తే ఆగిపోతుంది." దెబ్బతిన్న ప్రతివాడూ తన దాంట్లో అతుకేసుకుని, లీడరుకి కోపమొస్తుందని నోరు మూసుకున్నాడు. ఆవిడకి రోత పుట్టింది. పాచిగిన్నె చుట్టూ ముక్కు మూసుకుని తిరిగేవాళ్లే తప్ప కడిగేవాడు ఒక్కడూ లేడు.

కొత్తమ్మాయి ప్రోగ్రాం జోలికి పోకుండా, బావ లైబ్రరీలోనే లింకు చేసే చోట ఒక్క వరుస చేర్చి, దాన్ని మళ్లీ తయారుచేసింది. కొత్తమ్మాయి ప్రోగ్రాం బుద్ధిగా తెరుచుకుంది.

బావ వచ్చి తొంగిచూశాడు.

"ఇది నీకు ముందే తెలుసా బావా?"

"తెలీకేం? అందరూ సర్దుకుపోతున్నారుగా, కెలకడం ఎందుకని ఊరుకున్నా. ఈ అమ్మాయే ఎవర్నైనా అడగాల్సింది."

"ఛీ! తప్పు నీ దగ్గర పెట్టుకుని ఆ పిల్ల ఉద్యోగం పీకేద్దామనుకున్నావా? మా అక్క నీతో ఎలా వేగుతోందో!"

"సరేలేవే, ఆ అమ్మాయిని ఉండనీ," అని నవ్వేసి కాఫీకి వెళ్లిపోయాడు. సిగ్గన్నది ఏ కోశానా లేదు.

కొత్తమ్మాయి కళ్లు తుడుచుకుని ఆవిడ చేతులు పట్టుకుంది.

"బతికించావక్కా. ఇప్పుడు తెలిసిందిలే. ఇంకోసారి ఇలాంటిది తగిలితే నేనూ నా దాంట్లోనే లింకు చేసేసుకుంటా. ఎవరితోనూ అనను."

చాదస్తం చేతులు వెనక్కి లాగేసుకుంది.