మోచేతి పైకి మడత

బస్సు డిపోలో విశ్రాంతి గది అంటే నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, మధ్యలో క్యారమ్స్ బోర్డు. కిందటేడు పోటీలో ఎవరో కాయ జరిపారని మొదలైన మాట చొక్కాలు చిరిగేదాకా వెళ్లింది. మేనేజరు తెగేసి చెప్పాడు: "ఇంకోసారి గొడవైతే బోర్డు బయటికి, పాత టైర్లు లోపలికి."

రెండు షిఫ్టుల వాళ్లూ నడుం వాల్చే చోటు అదొక్కటే. అందుకే ఈసారి పోటీ బాధ్యత విడిభాగాల స్టోరు చూసే ఆమె నెత్తినేసుకుంది. డిపోలో అందరికీ ఆమె స్టోరక్క.

అట్టముక్క మీద లావు అక్షరాలతో రాసి గోడకు అంటించింది. చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. పౌడరు అంపైరే చల్లాలి. బోర్డు మూల మూలకూ ఒకడు కూర్చుని తన మూల మాత్రమే చూడాలి. అనుమానముంటే అప్పుడే అనాలి, టీ తాగేటప్పుడు కాదు. చివరిది: తప్పు నువ్వే చెబితే వంతు పోతుంది, ఇంకొకరు పట్టుకుంటే ఆటే పోతుంది.

మూడేళ్లుగా గెలుస్తున్నది ఆమె మరిది, డ్రైవరు. అతనికన్నా అతని పొడుగు చేతుల చొక్కాయే బాగా ఆడుతుందని డిపోలో వేళాకోళం.

"వదినా, ఈ మడతల రూలు నా కోసమేనా?"

"నీ కోసమే. పేరు రాయలేదు, సంతోషించు."

"అన్నం పెట్టే చేత్తో ఇలా ఎలా రాశావు?"

"అన్నం ఇంటి దగ్గర. ఇక్కడ చేతులు మడువు."

వెల్డరు నవ్వాడు. "అక్కా, ఎవరూ చూడకపోతే తనంతట తాను చెప్పేంత వెర్రివాడెవడు?"

"చూడలేదని వాడికెలా తెలుస్తుంది?" అంది ఆమె.

ఫైనల్లో ఆ వెల్డరూ మరిదీ ఎదురుపడ్డారు. అంపైరు స్టోరక్కే. మరిదికి ఒక్క కాయ మిగిలింది, వెల్డరుకు రెండు. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అందరి తలలూ అటు తిరిగాయి.

మరిది స్ట్రైకరు సర్దుకుంటూ ఆగిపోయాడు. వదిన వైపు చూశాడు. మడత పెట్టిన చేతిని ఓసారి తడుముకున్నాడు.

"వేలు తగిలింది," అన్నాడు నెమ్మదిగా. "కాయ కదిలింది."

మూలల్లో కూర్చున్న నలుగురూ గబుక్కున బోర్డు వైపు తిరిగారు.

"ఎక్కడుండేదో అక్కడ పెట్టు," అంది స్టోరక్క.

అతనే కాయను గోరంత వెనక్కి జరిపాడు. వంతు పోయింది. వెల్డరు రెండు కాయలూ వరసగా వేసేసి, గెలిచానని కేక వేయడం కూడా మరిచి మరిది చెయ్యి పట్టుకున్నాడు. మేనేజరు కాసేపు నిలబడి, టైర్ల ఊసెత్తకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికి బండి మీద వెళ్తూ మరిది అన్నాడు: "నువ్వు చూశావని తెలిసిపోయింది వదినా. లేకపోతేనా, చెప్పేవాణ్నే కాదు."

ఆ క్షణంలో ఆమె చూసింది మేనేజరు మొహాన్ని. బోర్డును కాదు. ఆ మాట పైకి అనలేదు.

"వచ్చే ఏడూ నేనే అంపైర్ని," అంది. "ముందు చూసి నడుపు."