అమ్మ పాటకు అయ్యగారి దిద్దుబాటు

మా చర్చిలో సగం మందికి చదువు రాదు. అందుకే ఒకరు పుస్తకం చూసి ఒక్కో పంక్తి గట్టిగా అందిస్తే, మిగతావాళ్లు ఆ పంక్తిని ఎత్తుకుని పాడతారు. పన్నెండేళ్లుగా అందించేది నేనే. ఆసుపత్రిలో రోగుల పేర్లు పిలిచే ఉద్యోగం నాది. ఎలాగూ అరిగే గొంతే కదా, దేవుడి పనికీ కాస్త అరగనీ అనుకున్నాను.

అమ్మ అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. అన్నయ్య చనిపోయిన ఏడాది, ఉతుకుతూనే ఒక పాట కట్టింది. తనకు రాయడం రాదు కాబట్టి నేను రాసిపెట్టాను. గొడవంతా అందులో రెండు పంక్తుల గురించే:

నా బిడ్డ పిలిస్తే నువ్వు పలకలేదు ప్రభువా,
అయినా నీ గడప విడిచి నేను పోను.

కొత్త పాటల పుస్తకం వేస్తున్నామని మా పాస్టరు అయ్యగారు అంటే ఈ పాట ఇచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే "నువ్వు పలికావు ప్రభువా" అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు పూజారి లేకపోతేనేం, అయ్యగారున్నారు. అమ్మను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"దేవుడు పలకలేదని చర్చిలో పాడితే ఎలా అమ్మా? పాటంటే స్తుతి, ఫిర్యాదు కాదు," అన్నారాయన మెత్తగానే.

"పలికుంటే వాడు ఇంట్లో ఉండేవాడు కదయ్యా," అంది అమ్మ. "పలికే దేవుడి గడప ఎవరైనా పట్టుకుంటారు. పలక్కపోయినా పట్టుకున్నాను నేను. అది తీసేస్తే నా పాటలో ఇంకేం మిగిలింది?"

ఆయన నావైపు తిరిగి, "పుస్తకంలో లేనిది అందించావంటే ఇక ఆ పని నీది కాదు," అన్నారు.

దారిలో అమ్మ కళ్లు తుడుచుకుని, "పోనీలేవే, పెద్దాయన," అంది. ఆ మాటకి నాకు ఇంకా కోపమొచ్చింది. కొడుకు ఎలాగూ పోయాడు, వాడి కోసం చెప్పుకున్న ఒక్క మాట కూడా పోవాలా?

ఆదివారం అయ్యగారు నా పక్కనే నిలబడ్డారు. అమ్మ పాట వచ్చినప్పుడు మొదటి చరణం పుస్తకంలో ఉన్నట్టే అందించాను. రెండో చరణం రాగానే పుస్తకం మూసేశాను.

"నా బిడ్డ పిలిస్తే నువ్వు పలకలేదు ప్రభువా."

అందిన పంక్తిని ఎత్తుకోవడం మావాళ్లకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పుస్తకం పట్టుకున్నవాళ్లు తడబడ్డారు. చదువు రానివాళ్లు మాత్రం గొంతెత్తి పాడేశారు. పోయినేడు భార్యను పాతిపెట్టిన వాచ్‌మన్ బాబాయి కళ్లు మూసుకుని పాడాడు.

"ఇక నువ్వు అందించక్కర్లేదు," అన్నారు అయ్యగారు, నాకు మాత్రమే వినపడేలా.

"సరే అయ్యగారూ. ఈ పాట అయ్యాక," అని రెండో పంక్తి కూడా అందించాను.

వాళ్లు అదీ పాడారు. పాడాక వెనక బెంచీ నుంచి బాబాయి, "ఆ రెండూ మళ్లీ అందియ్యమ్మా," అన్నాడు. అయ్యగారు చెయ్యి చాపి నా చేతిలోంచి పుస్తకం తీసేసుకున్నారు.

అప్పుడు అమ్మ లేచి నిలబడింది. సబ్బునీళ్లకు పగిలిన చేతులతో ముందు బెంచీ పట్టుకుని, పుస్తకం అక్కర్లేని తన పంక్తిని తనే అందించింది. పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి నేనూ అందరితో కలిసి ఎత్తుకున్నాను.