తినేటోళ్లను లేపొద్దు

సజ్జపిండి వేడినీళ్లకే మాట వింటుంది. చల్లనీళ్లు పోస్తే రొట్టె అంచులు పగులుతాయి. ఎల్లమావాస్యనాడు తెల్లవారకముందే లేచి, వేళ్లు చురుక్కుమంటున్నా పిండి పిసికి, నువ్వులద్ది, గంపనిండా రొట్టెలు కాల్చాను. చిక్కుడు గింజలు, పచ్చి కందులు, బఠాణీ, వంకాయ, మెంతికూర కలిపి భజ్జి ఉడకేశాను. ఎవరికి ఏది ఇష్టమో నా చేతులకు తెలుసు. నాకేది ఇష్టమో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అయినా ఈ పండగంటే నాకు ప్రాణం. ఆ రోజు సగం జహీరాబాద్ చేన్లలోనే ఉంటుంది. మొగుడంపల్లి దగ్గర మా చేనులో, శనగ సాళ్ల పక్కన దుప్పట్లు పరిచి, కుండలు నడుమ పెట్టుకుని చుట్టూ కూర్చుంటాం. ఆ ఒక్కపూట వడ్డన ఉండదు. ఎవరిది వాళ్లే తీసుకుని తినాలి. ఏడాది మొత్తంలో నేను అందరితో కలిసి కూర్చుని తినే తిండి అదొక్కటే.

మిగతా రోజుల సంగతి వేరు. మా అత్త మణెమ్మకు ఒక నియమం ఉంది. "తినేటోళ్లను లేపొద్దు. అన్నం ముందలికెళ్లి లేస్తె అన్నపూర్ణ అలుగుతది" అంటుంది. బెల్లు మోగితే మా ఆయన "తింటున్న గద" అంటాడు. నీళ్ల చెంబు అందుకోమంటే నా బిడ్డ నందిని "తింటున్ననే అమ్మా" అంటుంది. లేచేది నేనే. ఎందుకంటే నేను తింటూ ఎవరికీ కనిపించను. అందరూ అయ్యాక నిలబడే గిన్నె అడుగు ఊడ్చుకుంటాను. అన్నపూర్ణకు నా మీద అలిగే పని ఎప్పుడూ పడలేదు.

ఆ పొద్దున రెండు బండ్లు బయల్దేరాయి. మా ఆయన కారులో అత్త, నందిని, అంబలి కుండ. మరిది సుదర్శన్ జీపులో వాళ్లవాళ్లు, భజ్జి, రొట్టెల గంప. "గ్యాస్ బందు చేసినవో లేదో జర చూసి రా, శ్యామలా" అంది అత్త. చూసి, చీర మార్చుకుని వచ్చేసరికి వాకిలి ఖాళీ. కారువాళ్లు జీపెక్కిందనుకున్నారు, జీపువాళ్లు కారెక్కిందనుకున్నారు.

గడప మీద కూర్చున్నాను. ఫోన్ చేయొచ్చు. చేయలేదు. నేను లేనని ముందు ఎవరికి తెలుస్తుందో చూడాలనిపించింది. పంతం కొంతే, ఆశే ఎక్కువ. నందిని అయినా గమనిస్తుందనుకున్నాను.

ఎండ ముదిరాక మా ఆయన ఫోన్. ప్రాణం లేచొచ్చింది.

"శ్యామలా, ఉల్లిగడ్డలు ఏడ పెట్టినవ్? దొర్కుతలెవ్వు."

"రొట్టెల గంపల, బట్ట కింద."

"ఆఁ, దొరికినయ్. భజ్జి మస్తు కుదిరిందంటున్నరు అందరు."

పెట్టేశాడు. చేనులోనే ఏదో మూల ఉన్నాననుకున్నాడు కాబోలు. ఆ మూల ఏదని కూడా అడగలేదు. అప్పుడు ఏడ్చాను. వీధంతా చేన్లకు పోయింది కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

తర్వాత ఆకలేసింది. వండినదంతా చేనుకు పోయింది. డబ్బా అడుగున పిడికెడు సజ్జపిండి ఉంది. నీళ్లు కాచి, ఒక్క రొట్టె కొట్టి కాల్చాను. మా ఆయన కూర్చునే చోట పీట వేసుకుని, నెయ్యి, బెల్లం పెట్టుకుని కూర్చున్నాను. వేడి సజ్జరొట్టె ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్లూ నా వంతుకు వచ్చినవి చల్లారి గట్టిపడ్డవే.

మొదటి ముక్క నోట్లో ఉండగా మళ్లీ ఫోన్. ఈసారి అత్త.

"ఏందే, చేనంత వెతికినం, నువ్వు ఇంటికాడనే ఉన్నవా? ఎవ్వరం చూడకపోతిమి. సరే తియ్, సుదర్శన్ జీపు తీస్కొని వస్తుండు. చుట్టాలు ఎక్కువైన్రు, రొట్టెలు అయిపోయినయ్. వాడొచ్చేవరకు లేసి ఇంకిన్ని కాల్చు."

నమిలి మింగాను. తొందరపడలేదు.

"తింటున్న, అత్తమ్మా" అన్నాను.

ఫోన్ బోర్లించి, ఇంకో ముక్క తుంచుకున్నాను.