పట్టీ తోమిన చేతులు

పొద్దు నడినెత్తికొచ్చినా ఆపరేషన్ గది తలుపు తెరవలేదు. పొద్దున మిల్లులో చెయ్యి నలిగిన ఇమ్మానియేలు ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద పడున్నాడు. కట్టిన తువ్వాలు తడిసి నెత్తురు కింద కారుతోంది. భార్య రెబ్కా అతని తల పట్టుకుని కూర్చుంది. ఆయాలు కూడా దగ్గరికి రావటం లేదు.

ఎందుకు రావటం లేదో వినండి. సత్తెనపల్లి రోడ్డులోని మా నూలు మిల్లులో, దూది పోగులు యంత్రానికి అంటుకోకుండా ఒక రేకు పట్టీ బిగించారు. అందులో ఉన్నది అణుధార్మిక పదార్థం. యజమానికి తెలుసు, మేనేజరుకి తెలుసు. మాకు మాత్రం 'ఫారిన్ రేకు' అని చెప్పారు. ఆ పట్టీ విరిగి రేకు ముక్కలు ఇమ్మానియేలు కండలో దిగాయి. మేనేజరు మాకంటే ముందే జీపులో వచ్చి పెద్ద డాక్టరు చెవిన వేశాడు: "ముట్టుకోకండి సార్, రేడియేషన్ ఉంది."

డాక్టరు చేతులంటే మేనేజరుకెంత ప్రేమ! మావి కూలి చేతులాయె.

నర్సు జయకుమారి ఆ మాట విని మాకు చెప్పింది. మాతో పనిచేసే కోటిరత్నం మేనేజరు వైపు తిరిగింది.

"దసరా ఆయుధపూజకి ఆ పట్టీనే కదయ్యా చింతపండు పెట్టి తోమాం," అంది.

మేనేజరు అదిరిపడ్డాడు. "దాన్ని తోమారా?"

"తోమమంది మీరేగా. ఇత్తడి చెంబులా మెరుస్తోందని మెచ్చుకున్నారు కూడానూ."

పెద్ద డాక్టరు మద్రాసు తీసుకుపొమ్మన్నాడు. "మద్రాసు దాకా ప్రాణం ఆగుద్దా అండీ?" అన్నాడు యేసుపాదం, ఇమ్మానియేలు తమ్ముడు. అరిచాం. కాళ్లు కూడా పట్టుకున్నాం. చివరికి చిన్న డాక్టరు రహిమున్నీసా బయటికొచ్చింది.

"నేను చేస్తాను సార్. ముందు ప్రాణం, తరవాతే రేడియేషన్. బట్టలు తీసేసి ఒళ్లు కడిగితే చాలావరకు పోతుంది. సాయానికి మనుషులు కావాలి."

"మేం లేమా అమ్మా," అంది కోటిరత్నం.

ఆవిడ చెప్పినట్టే గౌన్లు, గ్లౌజులు తొడుక్కున్నాం. అతని బట్టలు కత్తిరించి మూటగట్టాం. మెల్లగా కడిగి, ఆ నీళ్లు తూములో పోకుండా బకెట్లలో పట్టాం. చెయ్యి తీసేయక తప్పలేదు. డాక్టరమ్మ రేకు ముక్కలు పట్టకారుతో ఏరి, రేడియేషన్ బయటికి రాకుండా సీసపు డబ్బాలో పెట్టింది.

కానీ వరండాలో కారిన నెత్తురు ఎవడు తెచ్చిస్తాడు? పొద్దు వాలకముందే ఇమ్మానియేలు పోయాడు. "గుమ్మం ముందే చంపారు," అంది రెబ్కా.

శవం ఇంకా అక్కడుండగానే మేనేజరు పోలీసులతో దిగాడు. ఆ ముక్కలు కంపెనీ ఆస్తట, ఇచ్చెయ్యాలట. అవి పోతే మిల్లులో ఏం పెట్టారో అడగడానికి మాకు సాక్ష్యం ఉండదు. డాక్టరమ్మ డబ్బా దగ్గరుంచుకుని గదిలోంచి కదల్లేదు. మేం తలుపుకి అడ్డం నిలబడ్డాం.

"ముందు దీన్ని వ్యానెక్కించండి," అన్నాడు ఎస్సై, కోటిరత్నాన్ని చూపించి.

ఆమె రెండు చేతులూ చాపింది. "పట్టుకోవయ్యా. ఆ రేడియేషన్ పట్టీ తోమింది ఈ చేతులే."

కానిస్టేబులు మేనేజరు వైపు చూశాడు. ఆయన అప్పటికే మెట్లు దిగిపోయాడు. మేమందరం చేతులు చాపాం. ఒక్క పోలీసూ ముట్టుకోలేదు.

అప్పుడు ఎస్సై లాఠీలు తీయమన్నాడు. లాఠీతో అయితే దూరం నుంచే కొట్టొచ్చు. రెబ్కా తన భర్త శవం పక్కనుంచి లేచి వచ్చి మా వరసలో నిలబడింది, తనూ చేతులు చాపింది. దెబ్బలు ఆ చేతుల మీదే పడ్డాయి. డబ్బా మాత్రం తలుపు దాటలేదు.