బూందీ పొద్దుటి గిన్నె

గుడ్డు ఎక్కువ ఉడికిందేమో, పచ్చసొన చుట్టూ ఆ నల్లగీత పడితే నాకే తినబుద్ధి కాదు, మరి దానికెలా ఉంటుంది, కానీ నిన్న గుడ్డు లేదు కదా, నిన్న ఒట్టి పెరుగన్నం, మొన్న కోడిమెడలు వేసి ఉడికించిన అన్నం, అంతకు ముందు కుక్కల డాక్టరు రాసిచ్చిన గింజలు, ఏది పెట్టినా ఒకటే, బూందీ వచ్చి గిన్నె ముందు బుద్ధిగా కూర్చుంటుంది, ముట్టదు, నేను దీన్ని తెచ్చుకున్న ఎనిమిది రోజుల నుంచీ పొద్దున పూట ఇదే వరస, ఏడున్నర దాటింది, తొమ్మిదికి లక్ష్మయ్య వస్తాడు, రేపు పొద్దున కూడా తినకపోతే తీసుకుపో అని నిన్న ఫోనులో నేనే అన్నాను, ఏ నోటితో అన్నానో, షూటింగు అయిపోయిన రోజు స్టూడియో గేటు దగ్గర లక్ష్మయ్య చేతిలోంచి దీని తాడు అందుకుని ఇక నిన్నెవరూ కెమెరా ముందు నిలబెట్టరు అని చెవిలో చెప్పింది కూడా ఈ నోటితోనే.

లక్ష్మయ్యకేం, రహమత్ నగర్‌లో ఇంటి నిండా కుక్కలే, సినిమాలకు తర్ఫీదు ఇచ్చి తెస్తాడు, గిట్లయితది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి, మీ దగ్గర ఉండకుంటే నాకియ్యుండ్రి, ఐతారం సంది ఇంకో పిక్చర్ల పనుంది దీనికి అన్నాడు, అంటే మళ్లీ వ్యాను, మళ్లీ లైట్లు, డాక్టరు రక్తం తీసి చూసి అంతా బాగానే ఉందండీ, కొత్త ఇల్లు కదా, బెంగ పెట్టుకుంది అన్నాడు, బెంగయితే సాయంత్రం ఎలా తింటుంది, రెండు పూటలా పనికొచ్చే ఎల్లమ్మ నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు బాల్కనీలో పాత పేపరు పరిచి రెండు చపాతీలు తుంచి వేస్తే పేపరు కూడా నాకేస్తుందట, ఎల్లమ్మ చేతిది తింటుంది, నా చేతిది తినదు, కుక్క విషయంలో పనిమనిషి మీద అసూయ పడే స్థితికి వచ్చాను, పడుతున్నాను, దాచడమెందుకు, నేనేం తక్కువ చేశాను, పరుపు కొన్నాను, స్టీలు గిన్నె కొన్నాను, తడిగుడ్డ పెట్టినప్పుడు ఎల్లమ్మ గిన్నెను అటూ ఇటూ జరిపేస్తుందని వంటింట్లో నేల మీద తెల్లటేపుతో ఇంటూ గుర్తు కూడా వేశాను, పదకొండేళ్లుగా అసోసియేట్ డైరెక్టరుగా నటులు నిలబడే చోట టేపు వేసి వేసి చేతికి పట్టిన పిచ్చి, మా సోఫా కాళ్లకీ గుర్తులే, వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

తినమ్మా, తిను, ఎనిమిదయింది, పదింటికి కొత్త కథ మీద కూర్చోవాలి, సీన్ పేపర్లు ఇంకా చదవనేలేదు, చేతిలో చుట్టి పట్టుకుని తిరుగుతున్నాను అంతే, అదేంటి, చెవులు వెనక్కి వాల్చేసింది, నేను దగ్గరికి వస్తే సంతోషపడాలి గానీ, ముందుకాళ్లు రెండూ టేపు అంచుకు సరిగ్గా ఆనించి కూర్చుంది, గిన్నె వైపు చూడదు, నన్నే చూస్తుంది, బెల్లు మోగింది, లక్ష్మయ్య అప్పుడేనా, కాదు, ఎల్లమ్మ, యూసుఫ్‌గూడ నుంచి నడిచొచ్చి ఆయాసపడుతూ చెప్పులు విడుస్తోంది, ఇంక తినలేదా అమ్మా, పోలీసోని లెక్క నెత్తి మీద నిలబడితే ఎట్ల తింటది, జర సూడు, చొంగ ఎట్ల కారుతుందో, ఆకలి లేక కాదు, నీ మొకమే చూస్తుంది, నువ్వు ఏమంటవో అని, అంటూ చీపురు తీసుకుంది, నిజమే, చొంగ, గచ్చు మీద చిన్న మడుగు, జబ్బు చేసిన కుక్కకు చొంగ ఊరుతుందా, ఈ చొంగ, ఈ చూపు, నేను ఇంతకు ముందు చూశాను, మానిటరు తెర మీద కూడా చూశాను, అందరితో కలిసి చప్పట్లు కొట్టాను.

వద్దు, దాని గురించి ఆలోచించను అనుకున్నాను కదా, కానీ వస్తోంది, ఇంటి పెద్దాయన చనిపోయాక కుక్క అన్నం ముట్టని సీను, తినబోయి ఆగిపోవాలి మనోజా, జనం ఏడవాలమ్మా అన్నారు రఘునందన్ గారు, డైరెక్టరు కదా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, పొద్దుటి వెలుతురే కావాలన్నారు, లక్ష్మయ్య ఆ వారం జ్వరంతో పడుకున్నాడు, నేను చూసుకుంటాను సార్ అన్నది నేనే, ముందు రోజు సాయంత్రం నుంచి దీనికి ఏమీ పెట్టవద్దని చెప్పిందీ నేనే, తెల్లటేపు ఇంటూ, దాని మీద గిన్నె, గిన్నెలో వేడి అన్నం, మూతి పెట్టినప్పుడల్లా చుట్టిన సీన్ పేపర్లతో మూతి మీద ఒక్కటి, గట్టిగా కాదులే అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను, గట్టిగానే, నాలుగు పొద్దులు, పందొమ్మిదో టేకులో ఇక మూతి పెట్టలేదు, టేపు దగ్గర కూర్చుని చొంగ కారుస్తూ నన్ను చూసింది, షాట్ ఓకే అనగానే అందరం మానిటరు దగ్గరికి పరిగెత్తాం, ఎంత బాగా నటించిందండీ అని ఎవరో కళ్లు తుడుచుకున్నారు, ఈలోపు గిన్నె ఎవరో తీసేశారు, ఇక తినొచ్చు అని దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు, సిగ్గుగా ఉంది, తల కొట్టేసినట్టుంది.

పేపర్లు ఫ్రిజ్ మీద పడేశాను, కూర్చుని టేపు గోళ్లతో గోకుతున్నాను, ఊడి రాదు, కత్తి తెచ్చియ్యాల్నా అమ్మా అంటోంది ఎల్లమ్మ, అక్కర్లేదు, ఊడింది, గిన్నె తీసుకుని బాల్కనీలోకి నడిచాను, పేపరు పరిచి పెట్టాను, బూందీ దూరం దూరంగా వచ్చి కూర్చుంది, మళ్లీ నా ముఖమే, సరే, నేనే తిరుగుతాను, కమ్మీ పట్టుకుని కిందికి చూస్తున్నాను, ఆటోలు, ఏదో స్టూడియో వ్యాను, గేటు దగ్గర బండి ఆపుతున్న లక్ష్మయ్య, అప్పుడే తొమ్మిదా, వెనక ఏ చప్పుడూ లేదు, లేదు, ఇంకా లేదు, తర్వాత స్టీలు మీద నాలుక చప్పుడు, ఒకసారి ఆగి, మళ్లీ, తింటున్నదమ్మా, నువ్వు ఇటు తిరగకు, ఎల్లమ్మ గొంతు తగ్గించి అంటోంది, తిరగను, ఏడుస్తున్నాను, లక్ష్మయ్య పైకి వస్తే ఒట్టి చేతులతోనే వెళ్లమంటాను, దీనికి జబ్బూ లేదు, బెంగా లేదు, నా మీద అలకా లేదు, కొట్టి నేర్పిన మాటను జవదాటకుండా, ఎనిమిది పొద్దులు ఆకలితో కూర్చుని, ఇది నా మాటే వింది.