పెంటప్ప సాంచె దగ్గు

నీలం నగర్‌లో పెంటప్ప పొద్దున ఎనిమిదింటికి స్విచ్చి వేసి, తన పవర్‌లూంకి దండం పెట్టుకుంటాడు. అక్కడి నేతగాళ్లంతా దాన్ని సాంచె అంటారు. సాంచె నాలుగుసార్లు ఖళ్లుఖళ్లున దగ్గి తువ్వాలు నేయడం మొదలుపెడుతుంది. భార్య యమునాబాయి శొంఠి కషాయంలో గుడ్డ ముంచి దాని ఇనుప చట్రానికి రుద్దుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

వైష్ణవి ఆ రోజు వచ్చేసరికి కషాయం పని అయిపోయింది. వైష్ణవి డాక్టరు, ప్రజారోగ్యంలో ఎండీ ఆఖరి ఏడాది. నేతగాళ్ల ఊపిరితిత్తుల మీద థీసిస్ రాస్తోంది. ఊపిరి కొలిచే మిషను పట్టుకుని తిరిగి రెండు వందల మంది చేత గొట్టం ఊదించింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏళ్లతరబడి దూదిపొట్టు మింగినవాళ్లందరి ఊపిరీ పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల ఊపిరిలా తేలింది. గైడ్ మేడం ఆ కాగితాలు చూసి, "ఇంట్లో కూర్చుని రాశావా?" అంది. పదిహేను రోజుల్లో మళ్లీ చేసి తేకపోతే పరీక్షకు కూర్చోనివ్వనంది. వైష్ణవి మిషను మార్చింది, గొట్టాలు మార్చింది, చివరికి తనే ఊది చూసుకుంది. అందరికన్నా ఆమె ఊపిరే తక్కువ వచ్చింది. తప్పెక్కడుందో పాపం ఆ పిల్లకు పాలుపోలేదు.

అరవై ఒక్కేళ్ల పెంటప్ప మళ్లీ ఊదాడు. నూటికి నూట రెండు.

"కాకా, నీకు ఎన్నడన్న దగ్గొచ్చిందా?"

"నాకెందుకొస్తది బిడ్డా? సాంచెకొస్తది."

"సాంచె సంగతి కాదు, నీ సంగతి చెప్పు."

"నా సంగతే చెప్తున్న. నడిపేటోని రోగం సాంచె తీస్కుంటది. గందుకే గదా కషాయం."

వైష్ణవి కలం ఆగిపోయింది. దాజీ పేట్‌లో తమ ఇంట్లో తండ్రి సాంచె దగ్గు వింటూనే ఆమె పెరిగింది. పాత ఇనుము అలాగే దగ్గుతుంది కాబోలనుకుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, బాగానే ఉంది. ఏమడగాలో తెలియనివాళ్లు ఏం చేయాలి?

ఇంతలో వాకిట్లో టెంపో ఆగింది. పెంటప్ప కొడుకు తుషార్ కొత్త సాంచె కొన్నాడు, పాతదాన్ని భంగార్‌కు, అంటే పాత ఇనుము కింద, ఇచ్చేస్తున్నాడు.

"దీన్ని పగలగొడితే దగ్గు యాడికి పోతది కాకా?"

"నా దగ్గరికే వస్తది. ఇంకెవరున్నరు దానికి?" పెంటప్ప మామూలుగానే అన్నాడు. "ఏం జేస్తం, రెండిటికి జాగ లేదు."

వైష్ణవి గొట్టాన్ని సాంచె దగ్గే చోట పెట్టింది. ఇరవై ఏడు. ఆ ఊపిరితో మనిషి నెల గడపడం కష్టం.

అప్పుడు ఆమెకు తండ్రి గోవర్ధన్ గుర్తొచ్చాడు. ఆమెకు ఎండీ సీటొచ్చిన వారానికి ఆయన సాంచెను భంగార్‌కు ఇచ్చేశాడు. నెలన్నరలో దగ్గి దగ్గి పోయాడు. అంత గట్టి మనిషికి ఏమైందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు, డాక్టరు కూతురు కూడా చెప్పలేకపోయింది. ఆ బాధతోనే ఆమె ఈ థీసిస్ ఎంచుకుంది. ఇప్పుడు జవాబు దొరికితే ఏడవాలో, రాసుకోవాలో తెలియలేదు.

"తుషార్, టెంపోను మా ఇంటికి తోలు. మా కారఖానాల జాగుంది," అంది.

తుషార్ తండ్రి వైపు చూశాడు. పెంటప్ప తలూపగానే సాంచెను ఎక్కించాడు.

దాజీ పేట్‌లో తల్లి పుష్ప టెంపోను చూసి కారఖానా తలుపు తెరిచింది. అందులో ఉన్న కూతురి బల్ల, పుస్తకాలు గోడవారకు జరిపి దారిచ్చింది. సాంచెను దింపి అందరూ వెళ్లాక వైష్ణవి అడిగింది.

"బాపు ఎందుకు పోయిండో నీకు తెల్సా అమ్మా?"

"తెల్సు. సాంచె ఇయ్యొద్దని మొత్తుకున్న. ఇనలే. నువ్వు సదువుకునేతందుకు జాగ గావాలన్నడు."

వైష్ణవి ఆ బల్ల పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

పదిహేను రోజులు గడిచాయి. వైష్ణవి మనుషుల అంకెలూ, వాళ్ల సాంచెల అంకెలూ పక్కపక్కనే రాసి ఇచ్చింది. మేడం ఏమంటుందో ఇంకా తెలియదు. నీలం నగర్‌లో పెంటప్ప కొత్త సాంచె నడుపుతున్నాడు, ఆయనకు దగ్గు లేదు. ఇక్కడ పుష్ప రోజూ కషాయం కాస్తోంది. సాంచె దగ్గినప్పుడల్లా పొయ్యి దగ్గర నుంచే, "వస్తున్న, ఆగు," అంటుంది.