కత్తిరించిన అంచు

మూడు రోజుల కూరలు ఆ ఆదివారమే వండి, డబ్బాల్లోకి సర్ది, మూతల మీద సోమ, మంగళ, బుధ అని చీటీలు అంటించింది మధుమిత. భర్త దామోదరన్ ఫ్రిజ్ తలుపు తీసి చూసి నవ్వాడు.

"పదకొండేళ్ళుగా ఆ మైక్రోస్కోపులోనే చూస్తా ఉండావు. మళ్ళా దాన్ని చూసేదానికి ట్రైనింగ్ ఏంటికి?"

మగ్గం మీద నుంచి అత్త సరసమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "మంగళవారం కూరలో ఉప్పు చూసినావా?"

చూశానని చెప్పింది మధుమిత. ట్రైనింగ్ ఏంటికో మాత్రం చెప్పలేదు. చెన్నై పక్క ఆవడిలో ఆమె పనిచేసే ల్యాబ్‌కి, రంగులద్దిన కణాలను చీకట్లో మెరిపించి చూపే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కొత్తది వచ్చింది. శిక్షణ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని నియమం పెట్టారు. "విమల్ పోయొస్తాడమ్మా, వచ్చి నీకు చెప్తాడు. నువ్వూ పోతే స్లయిడ్లు ఎవరు చేసేది?" అన్నాడు ల్యాబ్ పెద్ద సుబ్రమణ్యం సార్. విమల్ చేరి ఏడాది కాలేదు. స్లయిడ్ ఏ వైపు తిప్పి పెట్టాలో అతనికి నేర్పింది మధుమితే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఎప్పుడూ అక్కడిదాకా వచ్చి ఆగిపోయేదే. ఈసారీ ఆగింది గానీ, ఆమె మూడు రోజులు సెలవు పెట్టి, సొంతంగా దరఖాస్తు పంపుకుంది.

శిక్షణ తిరువళ్ళూరు దగ్గరి ఒక వైద్య పరిశోధన కేంద్రంలో, బస కూడా అక్కడే. సోమవారం పొద్దున వెళ్ళి విమల్ పక్క కుర్చీలోనే కూర్చుంది. పాఠం చెప్పే సుందరవల్లి మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. "మంచి ఫొటో అంటే ఇట్లా ఉండాల" అంటూ ఆవిడ తెర మీద ఒక బొమ్మ వేసింది. కిడ్నీ కణాలు. నీలం కేంద్రకాలు, వాటి చుట్టూ సన్నటి పచ్చ గీతలు. అడుగున అది అచ్చయిన పరిశోధన పేపర్ పేరు, రాసినవాళ్ళవి రెండు పేర్లు, సుబ్రమణ్యం, విమల్.

మధుమిత కుర్చీలో ముందుకు వంగి చూసింది. అది తీసిన ఆదివారం ఆమెకు బాగా జ్ఞాపకం. ఆడపడుచు వాళ్ళు భోజనానికి వస్తారంటే తెల్లారేసరికి అన్నీ వండిపెట్టి రైలెక్కింది. "ఆదివారం కూడా ఫొటోలు తీసేదానికి అదేమన్నా స్టూడియోనా?" అన్నాడు దామోదరన్ సాయంత్రం ఆమె తిరిగొచ్చాక అందరి ముందూ, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ల్యాబ్‌లో చీకటి గదిలో పాత మైక్రోస్కోపు ముందు నాలుగు గంటలు కూర్చుని, రంగు వెలిసిపోకుండా వెలుగును తగ్గించి తగ్గించి, ఊపిరి బిగబట్టి తీసిన బొమ్మ అది. పేపర్‌లో అచ్చయిందని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్కన విమల్ నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

మంగళవారం సాయంత్రం దామోదరన్ ఫోన్ చేశాడు. "బుధవారం డబ్బా ఈ పొద్దే అయిపోయింది. రేపటికి?"

"రేపటికి మీరు వండండి" అంది.

బుధవారం చేత్తో చేసే పరీక్ష. వెలుగు సరిగా రాని స్లయిడ్ ఇచ్చి ఫొటో తీయమన్నారు. విమల్ దీపాన్ని పూర్తిగా పెంచాడు. నిమిషంలో పచ్చరంగు వెలిసి బొమ్మ నల్లబడింది. మధుమిత దీపం తగ్గించి, కెమెరాకు ఎక్కువ సమయం ఇచ్చి, చూడని ప్రతిసారీ వెలుగుకు అడ్డం మూసేస్తూ తీసింది. సుందరవల్లి వెనక నిలబడి చూసింది.

"మీకు ఎవరమ్మా నేర్పించింది?"

"ఎవురూ లేదు మేడమ్." గొంతులో ఆగేది ఈసారి ఆగలేదు. "మొన్న మీరు చూపించిన కిడ్నీ బొమ్మ నేను తీసిందే. ఎడం పక్క అంచున గాలి బుడగ ఒకటుంది. పేపర్‌లో దాన్ని కత్తిరించినారు."

పాఠం కోసం మధుమిత వాళ్ళ ల్యాబ్ నుంచి తెప్పించుకున్న అసలు ఫైలును సుందరవల్లి తెరిచింది. ఎడం అంచున, గోరంత, గాలి బుడగ.

"మరి నీ పేరు యాడమ్మా?" ఆవిడ మెల్లగా అడిగింది. ఆవిడదీ తనలాగే తిరుత్తణి పక్కేనని మధుమితకు ఆ 'యాడ'తో తెలిసింది.

సర్టిఫికెట్లు తీసుకుని బయటికొచ్చాక విమల్ వెనకే వచ్చాడు. "అక్కా, సారే నా పేరు వేసినారు. నేను అడగలే."

"వద్దని కూడా అనలే కదా, విమల్."

ఇంటికెళ్ళే రైలు కడంబత్తూరు దాటుతుండగా సుబ్రమణ్యం సార్ ఫోన్. "బయట ఇట్లా మాట్లాడితే మన ల్యాబ్ మర్యాద ఏం కావాలమ్మా? సరి, అయ్యిందేదో అయ్యింది. రేపు వచ్చి కొత్త పేపర్‌కి ఫొటోలు మొదలుపెట్టు."

కిటికీ పక్కన మధుమిత నిటారుగా కూర్చుంది.

"వస్తాను సార్. ఆ పాత పేపర్‌లో నా పేరు చేర్చమని పత్రికకు ఉత్తరం రాయండి. కొత్తదాంట్లో నా పేరుండే పేజీ నాకు పంపండి. రెండూ చూసినాకనే మైక్రోస్కోపులో దీపం వేస్తాను."